బోడిగుట్ట కింద ముప్పావు గంట

నేను ఉద్యోగ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, ఫిబ్రవరి మూడో వారంలో, బోడిగుట్ట జంతు సర్వేకు నన్ను వేశారు. ఆర్డరు కాగితంలో నా హోదా సీనియర్ ఫీల్డ్ టెక్నీషియన్. పేరు పెద్దదే. చేసే పని మాత్రం కెమెరా మోయడం, ఫోటో తీయడం, తీసిన చోటును జీపీఎస్‌లో పట్టుకుని నోటుబుక్కులో రాయడం, మిషన్లు మొరాయిస్తే బాగుచేయడం. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివినవాణ్ణి. అనంతపురంలో టీవీలు రిపేరు చేసుకుంటూ ఉంటే, పర్యావరణ నివేదికలు తయారుచేసే ఒక కన్సల్టెన్సీ వాళ్లు పిలిచి ఉద్యోగమిచ్చారు. ఇరవై రెండేళ్లు అందులోనే గడిచిపోయాయి.

బోడిగుట్ట పామిడికీ వజ్రకరూరుకీ మధ్య మెట్టభూముల్లో ఉండేది. ఉండేది అనడమే సరి, ఇప్పుడు సగమే ఉంది. వాన పడితే జనం తల వంచుకుని చేలల్లో వజ్రాలు వెతుక్కునే నేల అది. వాన పడని రోజుల్లో అక్కడ తిరిగేది గొర్రెలు, వాటి కాపరులు, మాలాంటి సర్వేవాళ్లు. ఆ గుట్టను కంకర క్వారీకి లీజుకు అడిగారు. లీజు ఇచ్చే ముందు అక్కడ ఏ చెట్లున్నాయి, ఏ జంతువులున్నాయి, వాన నీళ్లు ఎటు పారతాయి అని చూసి నివేదిక ఇవ్వాలి. తవ్వబోయే చోటును కోర్ జోన్ అంటారు. దాని చుట్టూ పది కిలోమీటర్లు బఫర్ జోన్. జంతువు కనబడితే ఏ జోన్‌లో కనబడిందన్నదే ముఖ్యం. వన్యప్రాణి చట్టంలో ఒకటో షెడ్యూలులో ఉన్న జంతువు కోర్ జోన్‌లో పిల్లలు పెట్టిందని తేలితే లీజు కాగితాలు అక్కడే ఆగుతాయి. అటవీ శాఖవాళ్లు వచ్చి చూడాలి, సంరక్షణ ప్రణాళిక రాయాలి, ఒక్కోసారి లీజు హద్దులే మారిపోతాయి. తోడేలు ఒకటో షెడ్యూలులో ఉంది.

తోడేలు ఉందని చెప్పడం సులువు, తేల్చడం కష్టం. దాని అడుగుజాడ ఊరకుక్క జాడలాగే ఉంటుంది. అందుకే మా పట్టికలో రెండు గళ్లు ఉంటాయి. ఫోటో, అది తీసిన చోటు, తీసిన సమయం మూడూ ఉంటే ప్రత్యక్ష ఆధారం. జాడలు, మలం, కాపరులు చెప్పిన మాట, ఇవన్నీ పరోక్ష ఆధారం కిందకు పోతాయి. ఆ రెండో గడి చూసి ఏదైనా గుట్ట ఆగినట్టు నా సర్వీసులో నేనెరగను.

మా టీమ్ కోఆర్డినేటరు, అంటే నివేదిక మీద సంతకం చేసే అధికారి, ఈ పనికి ఐదు రోజులు ఇచ్చారు. జీపు చప్పుడైతే తోడేలు ఆ ఛాయలకే రాదు కాబట్టి వీపున సంచి తగిలించుకుని నడవాలి, గుట్ట దగ్గరే చిన్న గుడారం వేసుకోవాలి. కెమెరాకు రెండు బ్యాటరీలున్నాయి. ఒకటి మంచిది. రెండోది ముసలిది, పది ఫోటోలకే పడుకునేది. మూడోది కావాలని ఆఫీసుకు ఇండెంటు రాసి పెట్టాను. ఆ కాగితం అక్కడ ఏ బల్ల మీద నిద్రపోయిందో తెలియదు. దగ్గరి ఊరికి గంటన్నర నడక, అక్కడికి పోయినా కరెంటు ఉంటుందన్న భరోసా లేదు. అంతకు ముందు సర్వేల్లో స్కూటరు బ్యాటరీ ఒకటి మోసుకుని తిరిగేవాణ్ణి. యాభై ఆరేళ్ల మోకాళ్లు ఇక దానికి ఒప్పుకోలేదు. ఎండకు మాత్రం మా జిల్లాలో ఎప్పుడూ కరువు లేదు. అందుకని తేలికైన సోలార్ చార్జరు నేనే చేసుకుందామని కూర్చున్నాను.

పాడైపోయిన సోలార్ లాంతర్ల నుంచి నాలుగు చిన్న పలకలు సంపాదించాను. గాజువి కావు, పైన ప్లాస్టిక్ పొర ఉన్నవి. బరువంతా చట్రానిదే కాబట్టి చట్రాలు ఊడదీశాను. ఒక్కో పలక మూడు ఓల్టులు ఇస్తుంది, నాలుగూ వరసగా కలిపితే పన్నెండు. కారులో కెమెరా బ్యాటరీ పెట్టుకునే చార్జరు ఒకటి దొరుకుతుంది. అది పన్నెండు ఓల్టులు తీసుకుని బ్యాటరీకి కావలసినంతే ఇస్తుంది, నిండగానే ఆపేస్తుంది, బ్యాటరీ మరీ వేడెక్కినా ఆపేస్తుంది. దాని డబ్బా తీసేసి లోపలి బోర్డును వాడాను. కరెంటు ఎంత పారుతోందో చూపడానికి ముల్లు ఉన్న చిన్న మీటరు ఒకటి కలిపాను. పలకలను మడవడానికి వీలుగా మందపాటి గుడ్డ మీద వరసగా కుట్టించాలి. బుక్కరాయసముద్రంలో మా వీధి చివర సంచులు కుట్టే మస్తాన్ ఆ పని చేశాడు. వెనకవైపు గట్టి అట్ట కావలసి వస్తే, ఇంట్లో ధర్మవరం పట్టుచీర తెచ్చిన అట్టపెట్టె కనబడింది. కత్తెర పెట్టేశాను.

మా ఆవిడ చూసి, “నా చీరకు పెట్టె లేకుండా చేసి, గుట్టలకు మోసుకపోతాండావా?” అంది. చీర ఎక్కడికీ పోదులే అన్నాను.

అంతా కలిపి కూరగాయల అంగట్లో తూకం వేయించాను. మూడు వందల ఎనభై గ్రాములు. ఆ అంకెను ఆ వారంలో నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. దానికొక కారణం ఉంది. మా ఆఫీసు ఏటా ఒక చిన్న పుస్తకం వేస్తుంది. ఫీల్డులో కొత్తగా ఏదైనా చేసినవాళ్ల గురించి అందులో ఒక పేజీ ఉంటుంది. ఇరవై ఏళ్లుగా ఆ పేజీలో ఎమ్మెస్సీలు చదివినవాళ్ల ఫోటోలే చూస్తున్నాను. ఈసారి నా పేరు రావాలని గట్టిగా అనుకున్నాను. ఈ విషయం ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా.

మొదటి రోజు పొద్దున చార్జరును వీపు సంచి మీద పరిచి కట్టుకుని గుట్ట వైపు నడుస్తుంటే, ఒకామె గొర్రెల మందను ఆపి నన్నే చూస్తూ నిలబడింది. యాభై దాటిన మనిషి. భుజాన కంబళి, చేతిలో తలకన్నా ఎత్తున్న కట్టె.

“ఏమప్పా, వీపున అద్దాలు కట్టుకోని యాడికి పోతాండావు? పెండ్లికా?” అంది.

ఆమె పేరు మారెక్క. నలభై గొర్రెలున్నాయి. భర్త పోయినప్పటి నుంచి ఆమే మేపుతోంది. బోడిగుట్టలో ఏ బండ కింద ఏముందో ఆమెకు తెలిసినంత మా ఉపగ్రహ పటానికి తెలియదు. నేను వచ్చిన పని చెప్పాను. క్వారీ సంగతి ఆమె అప్పటికే విని ఉంది. గుట్ట పోతే తన మంద ఏమవుతుందో ఆమె రెండు ముక్కల్లో చెప్పేసింది. చుట్టూ ఉన్న చేలన్నీ కంచెలు వేసుకున్నారు, మేతకు మిగిలింది ఈ గుట్టే. ఇది పోతే గొర్రెల్ని అమ్ముకోవడం తప్ప దారి లేదు. తోడేలుందా అని అడిగాను.

“ఉండాది. ఈ ఏడు నావి మూడు పిల్లల్ని తినింది, దాని నోట్లో మన్ను బడ. అయినా అది ఈడ ఉండాలప్పా. అది ఉంటే గుట్ట ఉంటాదని మొన్నొచ్చిన ఫారెస్టాయన చెప్పినాడు. గొర్రెపిల్లలు మళ్లా పుడతాయి. గుట్ట పుడ్తుందా?”

తన గొర్రెల్ని తినే జంతువునే తన మందకు కాపలాగా భావించిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. పిల్లలు పెట్టిన గవి ఎక్కడుందో తనకు తెలుసనీ, చూపిస్తాననీ అంది. బండల కింద గుహలాంటి చోటును ఇక్కడ గవి అంటారు.

ఆ మధ్యాహ్నమే చార్జరు మొండికేసింది. పలకలు బాగానే పనిచేస్తున్నాయి కానీ మీటరు ముల్లు కదలడం లేదు. కాసేపటికి అర్థమైంది. బ్యాటరీని నల్ల సంచి జేబులో పెట్టాను, ఆ ఎండకు అది కాలిపోతోంది, వేడెక్కింది కదా అని బోర్డు చార్జింగును ఆపేసింది. నా లెక్కల్లో ఎండ ఇచ్చే కరెంటు ఉంది, ఎండ ఇచ్చే వేడి లేదు. మారెక్క చూసి, తన నీళ్ల సీసాకు చుట్టిన తడి గోనెపట్టా విప్పి ఇచ్చింది. బ్యాటరీని తడి తగలకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి, దాని మీద పట్టా చుట్టి బండ నీడలో ఉంచాం. పలకలు ఎండలో, బ్యాటరీ నీడలో. పది నిమిషాలకు ముల్లు లేచింది. ఆ తరువాత మంచి ఎండలో మూడు గంటలకు బ్యాటరీ నిండేది. పలకలు కుట్టి ఇచ్చినవాడు మస్తాన్, తడి పట్టా ఇచ్చింది మారెక్క. చార్జరు గురించి తరువాత నేను రాసిన కాగితంలో ఈ ఇద్దరి పేర్లూ లేవు.

రెండో రోజు ఆమె నన్ను గుట్టకు పడమటి వైపు తీసుకుపోయింది. గవి ముందు మట్టి మీద చిన్న చిన్న జాడలు, ఎముక ముక్కలు, వెంట్రుకలు కలిసిన మలం ఉన్నాయి. స్కేలు పక్కన పెట్టి అన్నిటికీ ఫోటోలు తీశాను, జీపీఎస్ తీసుకున్నాను. చోటు సరిగ్గా కోర్ జోన్ మధ్యలో పడింది. ఇక కావలసింది ఒకే ఒక్క ఫోటో. ఆ సాయంత్రానికల్లా మంచి బ్యాటరీని చార్జరు మీద నిండుగా నింపుకున్నాను.

మూడో రోజుకు ఏర్పాటు ఇలా చేసుకున్నాం. తెల్లవారుజామున పిల్లలు బయటికి రావనీ, ఎండ బండ మీదికి ఎక్కి రాయి వెచ్చబడ్డాక వస్తాయనీ మారెక్క చెప్పింది. ఎప్పుడూ చూసే మనిషి, ఎప్పుడూ చూసే గొర్రెలు కాబట్టి ఆమెకు తోడేలు బెదరదు. ఆమె మందతో గవికి ఎదురుగా ఉన్న గట్టు మీద ఉంటుంది. నేను గట్టుకు ఇవతల, గవికి కనబడకుండా కింద కూర్చోవాలి. కేక వేస్తే తోడేలు లేచిపోతుంది కాబట్టి, పిల్లలు వస్తే ఆమె కట్టె పైకెత్తుతుంది. నేను చప్పుడు చేయకుండా గట్టెక్కి ఫోటో తీయాలి.

“గట్టు మీదనే కన్ను పెట్టుకో సారూ,” అని రెండుసార్లు చెప్పింది. పెట్టుకుంటానన్నాను.

ఏడున్నరకు కింద కూర్చున్నాను. ఎనిమిదైంది, ఎనిమిదిన్నరైంది. ఎండ మెల్లగా బండలెక్కుతోంది. చార్జరును ఒక చదును రాతి మీద పరిచి, ముసలి బ్యాటరీని దానికి తగిలించాను. మీటరు ముల్లు చక్కగా లేచి నిలబడింది. పలకల మీద పొద్దుటి ఎండ, వెనక గుట్ట, నీలి ఆకాశం. ఆఫీసు పుస్తకంలో పేజీకి ఇంతకన్నా మంచి ఫోటో దొరకదనిపించింది. కెమెరా తీశాను.

ముందు పక్క నుంచి తీశాను. తరువాత మీటరు దగ్గరగా. తరువాత నేలకు ఆనుకుని, గుట్ట వెనక్కి కనబడేలా. వెలుగు సరిపోలేదని పలకలను కాస్త తిప్పి మళ్లీ తీశాను. అట్టపెట్టె మీది చీరల అంగడి అచ్చు కనబడుతోందని గుడ్డ సర్ది ఇంకోసారి. నేల మీద పడుకోవడం మోకాళ్లకు కష్టమని కెమెరా వెనక తెర వేసుకుని చూస్తూ తీశాను. అలా తెర వేసుకుంటే బ్యాటరీ ఎంత తొందరగా ఖాళీ అవుతుందో నాకు తెలియనిది కాదు, కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పేది నేనే. చివరికి ముల్లు లేస్తుండగా వీడియో కూడా తీశాను. ఎలా చేశానో నా గొంతుతోనే వివరించాను. మూడు వందల ఎనభై గ్రాములు అని చెబుతుంటే గాలి రొద వచ్చిందని మొదటి నుంచీ మళ్లీ చెప్పాను.

వెనక రాళ్లు దొర్లిన చప్పుడైతే తల తిప్పాను. మారెక్క గట్టు దిగి పరుగెత్తుకొస్తోంది.

“ఏం చేస్తాండావప్పా నువ్వు? పిల్లలు బయట ఉండాయి. నాలుగు. బిన్నా రా!” అని గొంతు అణచుకుని అంది.

కెమెరా పట్టుకుని ఆమె వెంట గట్టెక్కాను. రెండు వందల గజాల దూరంలో, వెచ్చటి బండ మీద తల్లి పడుకుని ఉంది. గవి ముందు నాలుగు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి దొర్లుతున్నాయి. ఒకటి గొర్రె తోలు ముక్కను నోట కరచుకుని లాక్కుపోతోంటే మిగతావి వెంటపడుతున్నాయి. ఇరవై రెండేళ్ల సర్వీసులో తోడేలు పిల్లల్ని అంత స్పష్టంగా చూడడం అదే మొదలు, అదే చివర. కెమెరా కంటికి ఆనించి మీట నొక్కాను. లోపల ఒక చప్పుడైంది. తెర మీద ఎర్ర గుర్తు రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. బ్యాటరీ ఖాళీ.

ముసలి బ్యాటరీ కింద చార్జరుకే ఉంది. దిగి, తెచ్చి, వేశాను. తొందరలో మూత రెండుసార్లు జారింది. కెమెరా వెలిగింది, తెరుచుకుంది, మీట నొక్కేలోపే ఆగిపోయింది. పొద్దుటి లేత ఎండలో ముప్పావు గంట చార్జింగు దానికి అంతే బలమిచ్చింది. జేబులోంచి ఫోను తీసి మూడు ఫోటోలు తీశాను. ఆ దూరానికి ఫోనులో పడ్డవి ఐదు గోధుమరంగు చుక్కలు.

అప్పుడు తల్లి తల ఎత్తింది. మా వైపు చూడలేదు. గట్టు చివర ఒక సందులోంచి కింద రాయి కనబడుతుంది, దాని మీద నా పలకలు ఎండకు తళతళ మెరుస్తున్నాయి. బ్యాటరీ కోసం దిగినప్పుడు హడావిడిలో వాటిని నేనే అటువైపు తిప్పేశాను. తోడేలు లేచి నిలబడి ఆ మెరుపు వైపే చూసింది. తరువాత చిన్నగా ఏదో చప్పుడు చేసింది. పిల్లలు నాలుగూ గవిలోకి దూరిపోయాయి.

“ఇంక రావు,” అంది మారెక్క. “అద్దం సూసింది. ఈ జాగా వదిలేస్తాది.”

ఆమె అన్నట్టే అయింది. ఆ రోజంతా కూర్చున్నాను, ఏదీ రాలేదు. మర్నాడు పొద్దున గవి ముందు పెద్ద జాడలు బయటికి పోయినవి మాత్రమే ఉన్నాయి. తల్లి పిల్లల్ని నోట కరచుకుని వేరే చోటికి మార్చేసింది. మిగిలిన రెండు రోజులూ నిండు బ్యాటరీతో గుట్టంతా తిరిగాను. చార్జరు ఆ రెండు రోజులూ అద్భుతంగా పనిచేసింది.

ఆఫీసుకు వచ్చాక కోఆర్డినేటరు గారు నన్ను కూర్చోబెట్టి ఓపికగా అడిగారు. ఆయనను తప్పుపట్టడానికి ఏమీ లేదు. పిల్లల్ని నువ్వు కళ్లారా చూశావు కదా, ఫోటో ఎందుకు రాలేదని అడిగారు. బ్యాటరీ లేదన్నాను. చార్జరు ఉంది కదా అన్నారు. నా నోటి నుంచి వచ్చిన మాట ఇది: “వేడికి చార్జింగు కట్ అయింది సార్.” మొదటి రోజు నిజంగా జరిగినదాన్ని మూడో రోజుకు తగిలించాను. అటవీ శాఖకు ఒక లేఖ రాసి నీ చేత వాంగ్మూలం ఇప్పిద్దామా, ఏ పరిస్థితిలో ఫోటో తప్పిపోయిందో వివరంగా, నీ సంతకంతో, అన్నారు. కెమెరా కార్డు కూడా జత చేయాలన్నారు.

ఆ కార్డులో ఆ రోజు తేదీతో అరవైకి పైగా చార్జరు ఫోటోలున్నాయి, నా గొంతుతో వీడియో ఉంది. అంత దూరం నుంచి చూసినది కుక్కలేమో కూడా చెప్పలేను సార్, అన్నాను. ఆయన నా ముఖం వైపు చూసి, సరే, పరోక్ష ఆధారంలో వేద్దాం అన్నారు. అంతటితో ఆ గుట్ట పని అయిపోయింది.

మూడు నెలలకు ఊరి బడి ముందు షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ జరిపారు. లీజు మీద ఊరివాళ్లు ఏమంటారో అధికారులు విని రాసుకునే సభ అది. మేము ఒక పక్క కుర్చీల్లో కూర్చున్నాం. మా తరఫున మాట్లాడేది కోఆర్డినేటరు, మమ్మల్ని అడిగితేనే మేము మాట్లాడాలి. మారెక్క వంతు వచ్చినప్పుడు కట్టె పట్టుకునే మైకు ముందుకు వచ్చింది.

“గుట్టలో తోడేలు పిల్లలు పెట్టింది. నాలుగు పిల్లలు. నేను సూసినాను. ఆ సారు గూడా సూసినాడు. ఆయప్పనే అడగండి,” అంది.

అధికారి మా వైపు తిరిగి, ఫోటో ఏమైనా ఉందా అని అడిగారు. కోఆర్డినేటరు నన్ను చూశారు. నేను లేచి నిలబడి, “పరోక్ష ఆధారాలు నమోదు చేశాం సార్,” అన్నాను. వ్యాకరణం ప్రకారం అందులో అబద్ధం లేదు.

మారెక్క మైకు వదిలి నా వైపు తిరిగింది. “నువ్వు సూడలేదాప్పా?” అంది.

నేను కూర్చున్నాను. తరువాతి పేరు పిలిచారు.

లీజు వచ్చింది. ఆ ఏడాది చివర ఆఫీసు పుస్తకం కూడా వచ్చింది. నా చార్జరుకు ఒక పేజీ పూర్తిగా ఇచ్చారు. ప్రశంసా పత్రం ఇచ్చి చప్పట్లు కొట్టారు. ఇంటికి తెచ్చి మా ఆవిడకు చూపిస్తే, నా చీరపెట్టె గురించి రాయలేదేమని నవ్వింది. తరువాత ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, “ఈడ వెనక ఎవరో మనిషి ఉండారే,” అంది.

నేలకు ఆనుకుని తీసిన ఫోటో అది. ముందు పలకలు, మీటరు. వెనక, కాస్త మసకగా, గట్టు. గట్టు మీద అగ్గిపుల్లంత మనిషి. చేతిలో కట్టె, నిలువునా పైకెత్తి ఉంది.

కంప్యూటరులో కార్డు తెరిచి మిగతా ఫోటోలు వరసగా చూశాను. గట్టు కనబడే ఫోటోలు పదకొండు ఉన్నాయి. మొదటి రెండింటిలో ఆమె లేదు. తరువాతి తొమ్మిదింటిలోనూ కట్టె పైకే ఉంది. ఆ పొద్దు కెమెరా తెర మీద నా కళ్లముందే ఉన్నా ఒక్కసారీ నాకు కనబడలేదు. నేను ముల్లు చూస్తున్నాను.

రిటైరయ్యాక ఒకసారి పామిడి బస్టాండులో మారెక్క కనబడింది. మనిషి సగమైంది. గొర్రెల్ని అమ్మేసిందట. ఉపాధి పని ఉన్న రోజుల్లో దానికి పోతోందట. నేనే దగ్గరికి పోయి పలకరించాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. “బాగుండావా సారూ,” అని పక్కన జాగా ఇచ్చింది. క్వారీ గురించి ఏమీ అనలేదు. బస్సు వచ్చేదాకా అవీ ఇవీ మాట్లాడి, చివరికి అడిగింది.

“ఆ పొద్దు కట్టె ఎత్తి ఎత్తి చెయ్యి పడిపాయ నాకు. నువ్వు సూడనే సూడలే. ఏం చేస్తాంటివప్పా?”

ఈసారి నిజం చెప్పాను. “చార్జరుకు ఫోటోలు తీసుకుంటాంటి అక్కా.”

“ఎంతసేపు?”

“ముప్పావు గంట.”

“పిల్లలు గూడా అంతసేపే ఆడుకునె,” అంది. తరువాత బస్సు వచ్చింది, ఎక్కిపోయింది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. సాధనం తేలికగా ఉండాలి, బ్యాటరీ నీడలో ఉండాలి, పలకల మెరుపు జంతువు కంట పడకూడదు. ఏ పనికోసం సాధనం చేసుకున్నామో ఆ పని అయ్యేదాకా దానికి ఫోటో తీయకూడదు. ఇవి నేర్పడం సులువు. సర్వే అయ్యాక నేను రాసిచ్చిన ఫీల్డు నివేదికలో ఒక వాక్యం మాత్రం ఇన్నేళ్లుగా అలాగే ఉంది, దాన్ని ఇక్కడ సరిదిద్దుతున్నాను. ‘అధిక ఉష్ణోగ్రత కారణంగా మూడో రోజు కెమెరా బ్యాటరీ చార్జ్ కాలేదు’ అని అందులో రాశాను. అది తప్పు. బ్యాటరీ నిండుగా చార్జ్ అయింది. తోడేలు పిల్లలు నాలుగు, కోర్ జోన్‌లో, నేను చూశాను.